ఒకే గేమ్ పీఎస్5లో ఒకలా, ల్యాప్‌టాప్‌లో ఇంకోలా ఎందుకుంటుంది? గాజువాక తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ. సైబర్‌పంక్ 2077 కొన్నాను. ఎంవీపీ కాలనీలో మా ఫ్రెండ్ సోనీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో ఇదే గేమ్ స్మూత్‌గా ఆడుతున్నాడు, నా దాంట్లో ఆగి ఆగి నడుస్తోంది. ఇద్దరిదీ ఒకే గేమ్ కదా? ల్యాప్‌టాప్‌లో ఏదైనా ప్రాబ్లమా? అమ్మేసి పీఎస్5 తీసుకోమంటావా?"

ల్యాప్‌టాప్‌కి ఏ రోగమూ లేదు. మీ ఇద్దరిదీ ఒకే గేమ్ అనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. కథ, పాత్రలు, నగరం అన్నీ అవే. కానీ అతని చేతికొచ్చింది ఒక వెర్షన్, నీకొచ్చింది మరో వెర్షన్. దేనికి ఎంత పని చేశారు, ఏ మెషీన్‌ని ఎదురుగా పెట్టుకుని చేశారు అన్నదాన్ని బట్టి ఒక్కో గేమ్‌లో ఫలితం ఒక్కోలా వస్తుంది. పీసీలు అసెంబుల్ చేసి బతికేవాణ్ణి కాబట్టి "పీసీయే గొప్ప" అనాలి గానీ, ఆ గొడవలో నాకు ఆసక్తి లేదు. ఎవరైనా వచ్చి అడిగితే ముందు ఏ గేమ్ ఆడతారు అనే అడుగుతాను.

ఇది కొత్త సంగతేం కాదు. జీటీఏ శాన్ ఆండ్రియాస్ పీఎస్2కి 2004లో వచ్చింది, పీసీకి 2005లో. మన వైజాగ్‌లో గంటకింత అని అద్దె కట్టి పార్లర్‌లో పీఎస్2 మీద ఆడినవాళ్లకీ, నెట్ సెంటర్‌లో కంప్యూటర్ మీద ఆడినవాళ్లకీ ఆ గేమ్ జ్ఞాపకాలే వేరు. పీఎస్2లో నగరమంతా నారింజ రంగు మసక కమ్మి ఉంటుంది, ఎండ వేడి తెలుస్తుంది. పీసీకి తెచ్చినప్పుడు బొమ్మ స్పష్టంగా వచ్చింది గానీ ఆ మసక పోయింది. పీఎస్2లో ఇద్దరు కలిసి ఆడే మోడ్ ఉండేది, పీసీలో అది తీసేశారు. ఇంకో తమాషా: పీసీ సెట్టింగుల్లో ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు, అంటే బొమ్మలు, గీయాలో హద్దు పెట్టేది) ఆఫ్ చేస్తే గేమ్ ఇంకా వేగంగా నడుస్తుంది కదా అని ఆఫ్ చేసేవాళ్లు. చేశాక హీరోకి ఈత సరిగా రాదు, కార్ల నడక మారిపోతుంది. ఎందుకంటే ఆ గేమ్ లెక్కలు ఫ్రేమ్‌ల వేగానికి ముడిపడి ఉన్నాయి. నెమ్మదైన ఒక మెషీన్‌ని మనసులో పెట్టుకుని రాసింది అంతకంటే వేగమైన దాని మీద నడిస్తే ఇలాంటివే జరుగుతాయి.

ఇప్పుడు నీ సైబర్‌పంక్ దగ్గరికి వద్దాం. ఖరీదైన ప్రో మోడల్‌ని పక్కన పెడితే పీఎస్5లన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి. 8 కోర్ల ఏఎండీ ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, వేగమైన ఎస్‌ఎస్‌డీ. కోట్ల పెట్టెలున్నా గేమ్ చేసేవాడికి లెక్క ఒకటే. ఏ నీడ ఎంత నాణ్యంగా ఉండాలి, దూరంగా ఎంతమంది జనం కనిపించాలి, రద్దీగా ఉన్న వీధిలో రిజల్యూషన్ ఎంతకు దించాలి అన్నీ అక్కడే తేల్చేసి పంపుతాడు. మీ ఫ్రెండ్‌కి మిగిలేది రెండు మోడ్‌లే: ఒకటి సెకనుకు 60 ఫ్రేమ్‌లు, ఇంకొకటి రే ట్రేసింగ్‌తో (వెలుతురు నిజంగా ఎలా ప్రయాణిస్తుందో లెక్కగట్టి చూపే పద్ధతి) 30. ఆ రే ట్రేసింగ్ కూడా నీడల వరకే. పీసీలో ఇదే గేమ్‌లో అద్దాల్లో, నీటి మీద ప్రతిబింబాలకీ రే ట్రేసింగ్ ఉంది, 2023లో ఇంకా పైకి వెళ్లి పాత్ ట్రేసింగ్ కూడా ఇచ్చారు. అంటే ఈ గేమ్ అత్యుత్తమ రూపం పీసీలోనే ఉంది. కాకపోతే దానికి తగిన కార్డు చాలా ఖరీదు. నీ దగ్గర ఉన్నది ఆ నిచ్చెనలో అడుగు మెట్టుకి కూడా కొంచెం కింద. 2023లో కంపెనీ సవరించిన కనీస అవసరాల్లో 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉన్న కార్డు అడిగారు, ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి చేశారు.

అలాగని కన్సోల్ (పీఎస్5 లాంటి గేమ్ పెట్టె) అంటే ఎప్పుడూ నిశ్చింత అనుకోకు. ఇదే గేమ్ 2020 డిసెంబర్‌లో విడుదలైనప్పుడు పాత పీఎస్4లో ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం రోజులకే సోనీ తన స్టోర్ నుంచి తీసేసి, అడిగినవాళ్లకి డబ్బు వెనక్కి ఇచ్చింది. మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో. ఆ రోజుల్లో మంచి పీసీ ఉన్నవాళ్లు అదే గేమ్‌ని హాయిగా ఆడుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఫాంటమ్ లిబర్టీ భాగం పీఎస్4కి అసలు ఇవ్వనే లేదు. పేరు ఒకటే, పీఎస్4 వాడికి కథలో ఒక ముక్కే లేదు.

ఆగి ఆగి నడవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి, మందులు కూడా వేరు.

మొదటిది షేడర్లది. వెలుతురు, నీడ, నీరు, పొగ ఎలా కనిపించాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములని షేడర్లు అంటారు. పీఎస్5లో చిప్ ఏదో ముందే తెలుసు కాబట్టి వాటిని సిద్ధం చేసి గేమ్‌తో పాటే పంపేస్తారు. పీసీలో నీ కార్డు ఏదో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) ఏదో వాళ్లకి తెలియదు, కాబట్టి ఆ పని నీ ఇంట్లో, నీ ప్రాసెసర్ మీద జరగాలి. కొన్ని గేములు మొదట్లోనే నిన్ను కూర్చోబెట్టి ఆ పని కానిస్తాయి. చాలామంది విసుగొచ్చి దాన్ని మధ్యలో ఆపేస్తారు, ఆపకూడదు. మరికొన్ని ఆట మధ్యలో చేస్తాయి, అప్పుడే కొత్త శత్రువు రాగానే ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు ఖరీదైన పీసీల్లోనూ ఈ కుదుపులే. పైగా ఆ గేమ్ పీసీలో 60 ఫ్రేమ్‌లు దాటదు, నువ్వు ఎంత కార్డు పెట్టు. ఇందులో ఇంకో విచిత్రం: పీఎస్5లో పీఎస్5 వెర్షన్ కంటే పీఎస్4 వెర్షన్ పెట్టుకుని ఆడితేనే 60 నిలకడగా వస్తుంది. బొమ్మ కాస్త తగ్గుతుంది, ఆట మాత్రం కుదురుగా ఉంటుంది. ఒకే పెట్టెలో ఒకే గేమ్‌కి రెండు వెర్షన్లు, అందులో పాతదే నయం!

రెండోది మెమరీది. నీ సమస్య ఎక్కువగా ఇదేనని నా అనుమానం. పీఎస్5లో ఆ 16 జీబీని ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ కలిసి వాడుకుంటాయి. సిస్టమ్‌కి కొంత పోగా మిగిలిందాంట్లో బొమ్మలకి ఎంత కావాలంటే అంత గేమ్ తీసుకుంటుంది. నీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ వేరు, కార్డు మీద మెమరీ వేరు. కార్డుది 4 జీబీ నిండిపోతే మిగతాది ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి తెచ్చుకోవడం నెమ్మది. కారు వేగంగా నడుపుతూ కొత్త వీధిలోకి తిరిగినప్పుడే నీకు ఎక్కువ ఆగుతోందంటే కారణం ఇదే అనుకో. 2023 మార్చిలో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులున్నవాళ్లు కూడా లబోదిబోమన్నారు. పీఎస్5 మెమరీ పద్ధతి చూసుకుని కట్టిన గేమ్‌ని సరిగా మార్చకుండా పీసీకి తెస్తే అలాగే ఉంటుంది. తర్వాత అప్‌డేట్లతో చాలావరకు బాగుచేశారు.

నువ్వు చేయాల్సినవి: గేమ్ మెయిన్ మెనూలో ఉన్నప్పుడే టెక్స్చర్ క్వాలిటీ (గోడలు, బట్టల్లాంటి వాటి పైబొమ్మల నాణ్యత) తగ్గించు, ఆట నడుస్తుండగా అది మారదు. రే ట్రేసింగ్ మొత్తం ఆఫ్. డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసి చూపే సెట్టింగ్) బ్యాలెన్స్‌డ్‌లో పెట్టు. క్రౌడ్ డెన్సిటీ (వీధుల్లో జనం ఎంతమంది అన్నది) తగ్గించు, ప్రాసెసర్‌కి ఊపిరి ఆడుతుంది. గేమ్ ఎస్‌ఎస్‌డీలో ఉందో లేదో చూసుకో. ఛార్జర్ పెట్టే ఆడు, బ్యాటరీ మీద కార్డు సగం బలంతో కూడా నడవదు. ఇంకోటి, ల్యాప్‌టాప్ కార్డుల్లో పేరుని నమ్మకు. ఒకే 3050 అని రాసున్నా ఒక కంపెనీ దానికి 40 వాట్లు ఇస్తుంది, ఇంకో కంపెనీ 80 ఇస్తుంది, ఆటలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. రేపు కొత్త ల్యాప్‌టాప్ కొన్నా షాపువాణ్ణి కార్డు పేరుతో పాటు వాట్లు కూడా అడుగు. మొహం అటు తిప్పుకుంటే పక్క షాపుకి పో.

ఇవన్నీ చేశాక ఫ్రేమ్‌లని ఒకచోట కట్టెయ్. 55, 38, 47 అని ఊగడం కంటే 40 దగ్గర నిలబడితే కంటికి హాయి. 30 ఫ్రేమ్‌లంటే ఒక్కో బొమ్మకి 33 మిల్లీసెకన్లు, 60 అంటే దాదాపు 17. ఈ రెండిటికీ సరిగ్గా మధ్య ఉండేది 25 మిల్లీసెకన్లు, అంటే 40 ఫ్రేమ్‌లు. 45 కాదు. అందుకే ఇప్పుడు పీఎస్5 గేముల్లో కూడా కొన్నిటికి 40 మోడ్ ఇస్తున్నారు, దానికి 120 హెర్ట్జ్ టీవీ (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగలిగేది) ఉండాలి. నీ ల్యాప్‌టాప్ తెర 120 హెర్ట్జ్ అయినా 40 చక్కగా కుదురుతుంది, 144 అయితే 48 పెట్టు లేదా 36 పెట్టు.

కొన్నిసార్లు పీసీకి కావాలనే తక్కువ వెర్షన్ ఇస్తారు. ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి ఇది బాగా తెలుసు. ఫిఫా 21, 22 పీసీకి వచ్చినవి పీఎస్4 తరం వెర్షన్లే. ఫిఫా 22లో ఆటగాళ్ల కదలికలకి కొత్తగా తెచ్చిన హైపర్‌మోషన్ పీఎస్5, మైక్రోసాఫ్ట్ కన్సోళ్లైన ఎక్స్‌బాక్స్ సిరీస్ వాళ్లకి దక్కింది, లక్షన్నర పీసీ ఉన్నవాడికి దక్కలేదు. ఫిఫా 23తో గానీ పీసీకి సరైన వెర్షన్ రాలేదు. నింటెండో కన్సోల్ స్విచ్ ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఏళ్లపాటు లెగసీ ఎడిషన్ అని జట్లు, జెర్సీలు మార్చి అదే పాత గేమ్ అమ్మారు. జీటీఏ 5 కూడా అంతే. 2022లో పీఎస్5కి రే ట్రేసింగ్ ఉన్న వెర్షన్ ఇచ్చి, పీసీవాళ్లని 2025 మార్చి దాకా కూర్చోబెట్టారు. జీటీఏ 6 ప్రకటించినప్పుడూ పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ పేర్లే చెప్పారు, పీసీ మాట ఎత్తలేదు. దాని కోసమే ఎవరైనా కన్సోల్ కొంటానంటే నేను కాదనను.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే కథ ఈఏ క్రికెట్ 07. పీఎస్2కీ, పీసీకీ 2006లో వచ్చింది. పీఎస్2లో అది అప్పటి జట్లతోనే ఆగిపోయింది. పీసీలో మాత్రం జనం ఫైళ్లు తెరిచి ఐపీఎల్ జట్లు, కొత్త జెర్సీలు, కొత్త స్టేడియాలు, కొత్త మొహాలు పెట్టుకుంటూనే ఉన్నారు. ఆ గేమ్ ఇన్నేళ్లు బతికింది అమ్మిన కంపెనీ వల్ల కాదు, పీసీలో ఫోల్డర్ తెరిచే వీలుండటం వల్ల. ఇలా జనం సొంతంగా చేసుకునే మార్పుల్నే మోడ్‌లు (mods) అంటారు, వాటి ఆనందం రుచి చూసినవాడికి కన్సోల్ చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ఈమధ్య కన్సోళ్లకి కూడా కొన్ని గేముల్లో ఇలాంటి మోడ్‌లు ఇస్తున్నారు, కానీ కంపెనీ ఒప్పుకున్నవే.

బాల్డర్స్ గేట్ 3 చెప్పకపోతే ఈ జవాబు సగమే. పీసీకి 2023 ఆగస్టులో, పీఎస్5కి సెప్టెంబర్‌లో వచ్చింది. ఎక్స్‌బాక్స్‌కి డిసెంబర్ దాకా ఆగింది. సిరీస్ ఎక్స్‌తో పాటు చిన్నదైన సిరీస్ ఎస్‌లోనూ అన్ని ఫీచర్లూ ఉండాలని మైక్రోసాఫ్ట్ పట్టు. సిరీస్ ఎస్‌లో మెమరీ 10 జీబీయే, అందులో ఇద్దరు తెర పంచుకుని ఆడే మోడ్ ఇమడలేదు. చివరికి సిరీస్ ఎస్‌లో ఆ మోడ్ లేకుండానే విడుదలకి ఒప్పుకున్నారు. ఇంకా ముఖ్యమైన తేడా మెనూల్లో ఉంది. పీసీలో మౌస్‌తో ఆడితే తెర కింద మంత్రాలు, ఆయుధాలు వరసగా పరిచి ఉంటాయి. ప్యాడ్ (చేత్తో పట్టుకునే కంట్రోలర్) పట్టుకోగానే అవి గుండ్రటి చక్రాలుగా మారిపోతాయి, నడక కూడా క్లిక్ కాకుండా స్టిక్‌తో. పీసీకి ప్యాడ్ తగిలించినా ఇలాగే మారుతుంది. గంటల తరబడి ఆడే గేమ్‌లో మౌసా, ప్యాడా అన్నది బొమ్మ నాణ్యత కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది.

షూటింగ్ గేముల్లో ప్యాడ్‌కి ఎయిమ్ అసిస్ట్ ఉంటుంది, అంటే గురి పెట్టేటప్పుడు గేమ్ కొంచెం సాయం చేస్తుంది. మౌస్‌కి అది ఉండదు. వాలరెంట్ కన్సోళ్లకి తెచ్చినప్పుడు పీసీవాళ్లతో కలిపి ఆడనివ్వకపోవడానికి మౌస్ గురికీ ప్యాడ్ గురికీ ఉన్న తేడాయే కారణం. కాబట్టి మీ ఫ్రెండ్‌తో ఆన్‌లైన్‌లో కలిసి ఆడాలన్నది నీ ఆలోచనైతే, ఆ గేమ్‌కి క్రాస్‌ప్లే (వేర్వేరు మెషీన్లవాళ్లు కలిసి ఆడే వీలు) ఉందో లేదో ముందే చూసుకో. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్‌లకి ఉంది. జీటీఏ ఆన్‌లైన్‌కి లేదు.

డబ్బు విషయం. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో డిస్క్ వెర్షన్ 49,990కి మొదలైంది, ఆ తర్వాత ధర పెరిగింది. ఆ డబ్బుకి అంత బలమున్న పీసీ నేను కట్టలేను, ఎవరూ కట్టలేరు. కానీ పెట్టె కొన్నాక ఖర్చు మొదలవుతుంది. కొత్త గేములు ఖరీదు, డబ్బు పెట్టి కొన్న గేముల్లో ఆన్‌లైన్ ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే చందా కట్టాలి. పీసీలో ఆన్‌లైన్‌కి విడిగా కట్టేదేమీ లేదు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్ సేల్‌లో పాత గేములు చవగ్గా వస్తాయి, ఎపిక్ అనే ఇంకో స్టోర్ ఉచితంగా కూడా ఇస్తుంటుంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే వాపసు ఇవ్వొచ్చు, నడుస్తుందో లేదో పరీక్షించుకోవడానికి ఇదొక మంచి దారి. పీఎస్5లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాక అలా వాపసు దొరకదు. కన్సోల్ వైపు ఉన్న ఒకే ఒక్క ఊరట డిస్క్. ఆడేసి అమ్ముకోవచ్చు, ఫ్రెండ్స్ మార్చుకోవచ్చు. అందుకే డిస్క్ పెట్టే చోటు లేని డిజిటల్ ఎడిషన్ నేనెవరికీ చెప్పను.

క్రాక్ వెర్షన్ల (డబ్బు కట్టకుండా ఆడే దొంగ కాపీల) గురించి ఒక మాట. పీసీలో గేమ్ బాలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆడేది ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత వెర్షన్. సైబర్‌పంక్ మొదటి వెర్షన్‌కీ 2.0 తర్వాతి దానికీ పోలికే లేదు, పోలీసుల తీరు, స్కిల్స్ అన్నీ మార్చేశారు. నువ్వు కొన్నానన్నావు, సంతోషం.

మన ఊరి సంగతి కూడా చూసుకోవాలి. ఉప్పు గాలి, తేమ. సాగర్ నగర్, పాండురంగాపురం, లాసన్స్ బే వైపు బీచ్‌కి ఎదురుగా ఉన్న ఫ్లాట్ల నుంచి వచ్చే పీసీలు, కన్సోళ్లు విప్పితే స్క్రూలు తుప్పు, పోర్టుల పిన్నులు ఆకుపచ్చ. బాల్కనీ తలుపు తీసే గదిలో ఏది పెట్టినా ఇదే గతి. పీసీ అయితే ప్యానెల్ తీసి దుమ్ము దులపడం, పాడైన భాగం ఒక్కటీ మార్చడం తేలిక. కన్సోల్‌లో బోర్డు పోతే ఖర్చు పెద్దదే. కరెంటు పోయే ఏరియా అయితే దేనికైనా యూపీఎస్ పెట్టు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోవడం రెండిటికీ మంచిది కాదు. స్విచ్ మీద మోజుంటే గుర్తుపెట్టుకో, దాన్ని నింటెండో మన దగ్గర అధికారికంగా అమ్మలేదు, షాపుల్లో దొరికేది బయటి నుంచి తెచ్చిన సరుకు, వారంటీ షాపువాడి మాట మీదే.

ఇంతకీ నీ సంగతి. ల్యాప్‌టాప్ అమ్మకు. చదువుకి ఎలాగూ కావాలి, అమ్మితే వచ్చేదీ తక్కువే. పైన చెప్పినట్టు సెట్టింగులు మార్చి ఈ గేమ్‌ని 40 దగ్గర పూర్తి చెయ్. ఆ కార్డు మీద పాత గేములు, చిన్న టీములు చేసే ఇండీ గేములు, వాలరెంట్ లాంటివి ఏళ్ల తరబడి హాయిగా నడుస్తాయి. కొత్త పెద్ద గేములే ఆడాలని ఉంటే డబ్బు దాచుకుని డిస్క్ ఉన్న పీఎస్5 కొనుక్కో, రెండూ ఉంచుకో. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే అమ్మేవాడి ఇల్లు ఎక్కడో అడుగు. వెనక హెచ్‌డీఎంఐ పోర్టులోకి టార్చి వేసి చూడు, నువ్వు తీసుకెళ్లిన డిస్క్ పెట్టి కాసేపు ఆడించి చూడు. బీచ్ రోడ్డు అడ్రస్ చెప్పి, విప్పి చూపించడానికి ఒప్పుకోకపోతే ఎంత చవకైనా వదిలెయ్.